నడిచేకొద్దీ మారే గోడ: ఒక వర్ణఫలకం తయారీ డైరీ

జూన్ చివరి వారం

అనంతపురంలో నేను చిత్రలేఖనం నేర్పుతున్న పాఠశాలలో తరగతి గదుల ముందు తూర్పు పడమరలుగా ఒక పొడవైన వరండా ఉంది. పిల్లలు ఉదయం తూర్పు కొస నుంచి లోపలికి నడుస్తారు. సాయంత్రం అదే దారిన పడమటి నుంచి తూర్పుకు తిరిగి వస్తారు. గదుల వరుస మధ్యలో, కిటికీలు లేని చోట, ఉత్తరానికి తిరిగిన ఖాళీ గోడ ఒకటి ఉంది. దాని మీద ఏదైనా బొమ్మ వేయమని ప్రధానోపాధ్యాయురాలు అడిగినప్పుడు, బొమ్మకు బదులుగా, చూసేవారి నడకను బట్టి రంగు మారే ఒక ఫలకాన్ని పిల్లలతో కలిసి తయారు చేస్తానని చెప్పి అనుమతి తీసుకున్నాను.

ఈ ఆలోచనకు మూలం వెనిజులా కళాకారుడు కార్లోస్ క్రుజ్ దియెజ్. ఆయన 1923లో కారకస్‌లో పుట్టి, 1960 నుంచి పారిస్‌లో స్థిరపడి, 2019లో అక్కడే మరణించారు. 1959లో ఆయన మొదలుపెట్టిన ఒక వరుసలో, ఫలకం మీద సన్నని రంగు పట్టీలు నిలువుగా, గోడకు లంబంగా లేచి నిలబడి ఉంటాయి. ప్రతి పట్టీకి కుడి పక్క ఒక రంగు, ఎడమ పక్క మరొక రంగు ఉంటాయి; మధ్య సందుల్లో వెనుక పలక మీద ఇంకొక రంగు ఉంటుంది. ఫలకంలో కదిలే భాగం ఒక్కటీ లేదు. కదిలేది చూసే మనిషి. ఆయన చేసిన అతి పెద్ద పనుల్లో ఒకటి కారకస్ దగ్గర మైకెటియా విమానాశ్రయంలో నేల పొడవునా, గోడ మీదా పరిచిన రంగుల వరుస. ప్రయాణికులు పెట్టె పట్టుకుని దాని మీదుగానే నడుస్తారు. నడిచే దారికి తగిన కళ ఇదేనని నాకు గట్టిగా అనిపించింది, ఎందుకంటే వరండాలో ఎవరూ బొమ్మ ముందు ఆగరు. ఆగమని అడగని కళ అక్కడ కావాలి.

ఫలకం కొలత 2400 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల ఎత్తు అని నిర్ణయించాను. బజారులో దొరికే ఎనిమిదడుగుల ఏసీపీ షీటు (రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న పలక) కొలతకు ఇది సరిపోతుంది, వృథా తక్కువ.

జూలై మొదటి వారం

రెక్కల కొలతలు తేల్చడానికే ఈ వారం గడిచింది. లంబంగా నిలిచే పట్టీలను మేము రెక్కలు అంటున్నాం. రెక్కల మధ్య సందు ఎంత, రెక్క లోతు ఎంత అన్న రెండు అంకెల నిష్పత్తి మీదే మొత్తం పని ఆధారపడి ఉంది. సందును లోతుతో భాగిస్తే వచ్చే అంకె, ఎంత వాలుగా చూస్తే వెనుక పలక పూర్తిగా మరుగున పడుతుందో చెబుతుంది. సందు 21 మి.మీ., లోతు 42 మి.మీ. అయితే ఆ నిష్పత్తి సగం. అంటే ఎదురు చూపు నుంచి సుమారు 26.6 డిగ్రీలు పక్కకు జరిగేసరికి వెనుక రంగు మాయమై రెక్కల రంగు మాత్రమే మిగులుతుంది. రెక్క మందం 3 మి.మీ. కలుపుకొంటే ఒక రెక్క నుంచి మరో రెక్కకు 24 మి.మీ. దూరం వస్తుంది, 2400 మి.మీ. వెడల్పుకు 100 రెక్కలు పడతాయి.

దీన్ని వరండాకు అన్వయిస్తే ఏమవుతుందో పదో తరగతి పిల్లల చేత గీయించాను. గోడకు 2 మీటర్ల దూరంలో, ఫలకం నడిమికి ఎదురుగా నిలబడిన వ్యక్తికి, సరిగ్గా ఎదుట వెనుక పలక పూర్తిగా కనబడుతుంది. అక్కడి నుంచి అర మీటరు పక్కన ఉన్న సందుల్లో వెనుక పలక సగమే కనబడుతుంది, మిగిలిన సగాన్ని రెక్క ఆక్రమిస్తుంది. ఒక మీటరు పక్కకు వెళ్లేసరికి వెనుక పలక ఇక లేదు. అంటే నిలబడిన చోటికి ఎదురుగా ఒక రంగు పట్టీ వెడల్పుగా వెలిగి, రెండు వైపులా క్రమంగా వేర్వేరు రంగుల్లోకి కరిగిపోతుంది. నడిస్తే ఆ వెలుగు పట్టీ మనతో పాటే గోడ మీద నడుస్తుంది. పక్కన నడిచే స్నేహితుడికి అది మరో చోట కనబడుతుంది. ఇద్దరూ ఒకే గోడను చూస్తారు కానీ ఒకే చిత్రాన్ని చూడరు. కాగితం మీద త్రికోణాలు గీస్తూ ఈ సంగతి తేలినప్పుడు తరగతిలో వచ్చిన సందడి చూశాక, ఈ ఫలకం పూర్తి కాకపోయినా ఈ వారం వృథా కాదని నాకు అనిపించింది.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో వటపత్రశాయి ఎటు నుంచి చూసినా మన వైపే చూస్తాడని అక్కడివారు చూపిస్తారు. మా పిల్లల్లో చాలామంది అది చూసినవారే. చదునైన బొమ్మలో కంటిపాప స్థానం మన నడకతో మారదు కాబట్టి ఆ చూపు మనల్ని వదలదు. మా ఫలకంలో సరిగ్గా దానికి వ్యతిరేకమైనది జరుగుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెబితే ఎనిమిదో తరగతి వారికి కూడా విషయం వెంటనే అర్థమైంది.

జూలై రెండో వారం

పని మొదలు కాకముందే భద్రత గురించి ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మొదట గీసుకున్న ఒక నమూనాలో రెక్కల మధ్య దూరం 12 మి.మీ. మాత్రమే ఉండేది, సన్నని రెక్కలతో రంగులు మరింత నునుపుగా కలుస్తాయి. అయితే వెలుగు నీడల తేడా ఎక్కువగా ఉన్న చారలు, ఒక డిగ్రీ చూపులో మూడు జతల చొప్పున పడినప్పుడు, కంటికీ మెదడుకూ ఎక్కువ ఇబ్బంది కలిగిస్తాయని దృష్టి శాస్త్రం చెబుతుంది. కాంతి వల్ల మూర్ఛ వచ్చే స్వభావం ఉన్న కొద్దిమంది పిల్లలకు అటువంటి చారలు ప్రమాదకరం కూడా. రెండు మీటర్ల దూరంలో ఒక డిగ్రీ చూపు గోడ మీద సుమారు 35 మి.మీ. వెడల్పు ఆక్రమిస్తుంది. 12 మి.మీ. చొప్పున చారలు వేస్తే డిగ్రీకి దాదాపు మూడు జతలు పడతాయి, అంటే తప్పించుకోవాల్సిన చోటే పడతాయి. 24 మి.మీ. చొప్పున వేస్తే ఒకటిన్నర జత కన్నా తక్కువ.

దూరం పెంచడంతో ఆగకుండా రంగుల విషయంలో కూడా ఒక నియమం పెట్టుకున్నాను. నలుపును, స్వచ్ఛమైన తెలుపును ఈ ఫలకంలో వాడము. రంగుల మధ్య తేడా ఉండాలి కానీ వెలుగు నీడల తేడా మితంగా ఉండాలి. 1965లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో జరిగిన పెద్ద ప్రదర్శనతో ఈ తరహా దృష్టి కళ ప్రపంచానికంతటికీ తెలిసింది. అందులో బ్రిడ్జెట్ రైలీ, విక్టర్ వాసరెలీ వంటివారి పనులు ఉన్నాయి. నలుపు తెలుపు గీతలతో కంటిని కుదిపే శక్తి అప్పటి కళకు ఉండేది, దాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. కానీ ప్రదర్శనశాలకు వచ్చేవారు కోరి వస్తారు. పాఠశాల వరండాలో నడవక తప్పని పిల్లవాడి కంటికి ఆ కుదుపు ఇవ్వడం న్యాయం కాదు.

ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేని పిల్లలు ప్రతి పాఠశాలలోనూ కొందరు ఉంటారు, వారిలో ఎక్కువమంది మగపిల్లలు. వారికి కూడా మార్పు తెలియాలంటే ఆ రెండు రంగుల జత మీద ఆధారపడకూడదు. అందుకే తూర్పుకు తిరిగిన ముఖాలకు ఇటుక ఎరుపు, పడమటికి తిరిగిన ముఖాలకు నెమలి నీలం, వెనుక పలకకు పసుపు అని ఖాయం చేశాం. ఎరుపు, నీలాల తేడా దాదాపు అందరికీ తెలుస్తుంది.

జూలై మూడో వారం

ధర్మవరం వెళ్లి వచ్చాను. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా అనంతపురం వారికి ధర్మవరం ఇంటి ఊరే. అక్కడి పట్టుచీరల్లో రెండు రంగులు తొంగిచూసే తరహా, అంగళ్లలో డబుల్ షేడ్ అని పిలిచేది, మా ఫలకానికి దగ్గరి చుట్టమని నా అభిప్రాయం. పడుగు ఒక రంగు, పేక మరో రంగు. పట్టుదారం మీద వెలుగు, దారం సాగే దిశను బట్టి ఒక వైపుకు ఎక్కువగా తిరిగి కొడుతుంది. గుడ్డ మడత మారినప్పుడు ఒకసారి పడుగు మెరుస్తుంది, మరోసారి పేక మెరుస్తుంది. నీలం పడుగు మీద ఆకుపచ్చ పేక వేసిన నెమలికంఠం చీరను కిటికీ దగ్గర పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూశాను. మడత శిఖరం మీద ఆకుపచ్చ, లోయలో నీలం, రెండింటి మధ్య వాలులో ఏ దారంలోనూ లేని ఒక మూడో రంగు కనబడ్డాయి. ఆ మూడోది రంగుల గిన్నెలో పుట్టింది కాదు. దారాలు కంటికి విడివిడిగా అందనంత సన్నగా ఉండటం వల్ల కన్ను వాటిని కలిపేసుకుని పుట్టించుకున్నది.

చాలా ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్న ఒక పెద్దాయనను, ఒకే ఎరుపు దారం ఒక అంచులో వాడిపోయినట్టు, మరో అంచులో మండుతున్నట్టు ఎందుకు కనిపిస్తుందని అడిగాను. ఆయన చేయి ఆపకుండానే, "దారంలో ఏం లేద్సార్, అదే దారం. పక్కన యా రంగు పెడ్తామో దాన్నిబట్టే ఉంటాది" అన్నారు.

సరిగ్గా ఈ మాటే ఐరోపాలో ఒక రసాయన శాస్త్రవేత్త చేత పెద్ద గ్రంథం రాయించింది. మిషెల్ యూజెన్ షెవ్రల్ 1824లో పారిస్‌లోని గోబ్లాఁ నేత కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతిగా చేరారు. నలుపు దారాలు నీలం, ఊదా పక్కన వెలవెలబోతున్నాయని, అద్దకంలో లోపం ఉందని నేతగాళ్లు ఆయనకు ఫిర్యాదు చేశారు. ఆయన పరిశీలిస్తే అద్దకం బాగానే ఉంది. పక్కనున్న రంగు వల్లనే నలుపు బలహీనంగా కనిపిస్తోంది. ప్రతి రంగూ తన పక్కదాన్ని తనకు వ్యతిరేకమైన రంగు వైపు నెడుతుందని ఆయన 1839లో ప్రకటించారు. ఆ తర్వాతి చిత్రకారులెందరికో అది పాఠ్యమైంది. పారిస్ కర్మాగారానికి ఒక శాస్త్రవేత్త అవసరమైన విషయాన్ని మగ్గం మీద కూర్చున్న మనిషి ప్రతిరోజూ చేతులతో చేస్తున్నాడని పిల్లలకు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను. మా తరగతిలో సగం మంది ఇళ్లలో మగ్గం గురించి తెలిసినవారు ఎవరో ఒకరు ఉంటారు.

నిమ్మలకుంట తోలుబొమ్మల వైపు కూడా ఒక ఆలోచన పోయింది. పలుచని మేకతోలు వెనుక దీపం ఉంటే రంగు వెలుగును దాటించుకుని వస్తుంది. దానికి ఉన్న లోతు మేము రెక్కలకు అంటించే, మెరుపు లేని మాట్ స్టిక్కరుకు ఎప్పటికీ రాదు. ఆ కళకు గుర్తింపుగా దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ వరండాలో పగటి వెలుగు ముందు నుంచి వస్తుంది, వెనుక గోడ ఉంది; ఆ మార్గం ఈ ఫలకానికి కుదరదు. దానికి వేరే ఫలకం, చీకటి గది కావాలి.

జూలై చివరి వారం

వెనుక పలక మీద ప్రయోగాలు చేశాం. నంబరు ప్లేట్లకు, బండ్లకు అక్షరాలు కోసే రేడియం అంగడిలో సన్నని చారలు కోయించి తెచ్చుకున్నాం. మొదటి ప్రయోగంలో ఒక మిల్లీమీటరు వెడల్పు పసుపు, నీలం చారలను పక్కపక్కన అంటించి వరండా నుంచి మైదానంలోకి వెనక్కి నడిచి చూశాం. కంటికి ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) కన్నా చిన్నవి విడివిడిగా అందవు. ఒక మిల్లీమీటరు అంటే సుమారు మూడున్నర మీటర్ల దూరం దాటాక ఆ హద్దుకు చేరుతుంది. పది మీటర్ల దగ్గర చారలు పూర్తిగా కలిసిపోయాయి. ఆకుపచ్చ వస్తుందని తరగతి మొత్తం పందెం కాసింది, ఎందుకంటే వాటర్ కలర్‌లో పసుపు, నీలం కలిపితే వచ్చేది అదే. కంటికి కనిపించింది బూడిద రంగుకు దగ్గరైనది. రంగు ముద్దలు కలిపినప్పుడు ఒకటి మింగేయగా మిగిలిన వెలుగును రెండోది మింగుతుంది, రెండూ వదిలిన ఆకుపచ్చ మాత్రం మిగులుతుంది. చారలు కలిసినప్పుడు మాత్రం రెండింటి నుంచి వచ్చే వెలుగుల సగటు కంటికి చేరుతుంది. ఈ ఒక్క తేడా తెలియడం కోసం ఎన్ని పాఠాలు చెప్పినా ఆ పది మీటర్ల నడక చేసిన పని చేయవు.

రెండో ప్రయోగం ఫలకంలో శాశ్వతంగా చేరింది. ఒకే పసుపు చుట్ట నుంచి కోసిన రెండు ముక్కల మీద, ఒకదానిపై 2 మి.మీ. వెడల్పు నారింజ ఎరుపు గీతలు, రెండోదానిపై అంతే వెడల్పు ఆకాశ నీలం గీతలు అంటించాం. దగ్గరగా చూస్తే గీతలు స్పష్టంగా కనబడతాయి. రెండు మీటర్ల దూరంలో మొదటి పసుపు మామిడిపండు పసుపుగా, రెండోది నిమ్మ పసుపుగా మారిపోతుంది. షెవ్రల్ చెప్పిన నియమం ప్రకారం ఎరుపు గీతలు పసుపును ఎరుపుకు దూరంగా నెట్టాలి. ఇక్కడ అది తన వైపుకే లాక్కుంటోంది. ఈ వింతను జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫాన్ బెట్సోల్డ్ 1874లో రాశారు. రంగు ప్రదేశాలు పెద్దవిగా ఉంటే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, చాలా సన్నగా ఉంటే ఒకదానిలోకి ఒకటి వ్యాపిస్తాయి. ధర్మవరం అంచులో మొదటిది, చీర ఒంట్లో రెండోదానికి దగ్గరైనది జరుగుతున్నాయి.

వెనుక పలక పై సగంలో నారింజ గీతలు, కింది సగంలో నీలం గీతలు వేయాలని ఖాయమైంది. ప్రతి సందులో మూడేసి గీతలు ఉంటాయి. అంటించే పనిలో ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కొంత పని జరిగాక నా దగ్గరకు వచ్చి, "సార్, కింద వేరే పసుపు తెచ్చినారు, రంగు కలవలేదు" అంది. రెండింటి మీదా గీతలు కనబడకుండా అట్టముక్క పెట్టి, మిగిలిన పసుపును పక్కపక్కన చూపించాను. ఆమె అట్ట తీసి, పెట్టి, మళ్లీ తీసి చూసింది. ఆ తర్వాత మిగిలిన వారందరికీ ఆమే చూపించింది. నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆగస్టు మొదటి సగం

రెక్కలు కోశాం. ఒక ఏసీపీ షీటు నుంచి రంపం మందం పోను 54 రెక్కలు వచ్చాయి, కాబట్టి రెండు షీట్లు సరిపోయాయి. ఏసీపీని ఎంచుకోవడానికి కారణం అది వంగకపోవడమే. సన్‌బోర్డు అనే నురుగు ప్లాస్టిక్ పలక చవక, తేలిక, పిల్లలు కత్తితో కోయగలరు. కానీ అనంతపురం ఎండకు నాలుగడుగుల పొడవున్న పట్టీ నిలువునా వంకర తిరుగుతుంది. గాలి సంగతి కూడా తలచుకోవాలి. ఆషాఢంలో మా ప్రాంతపు గాలి ఎంత బలమైనదో రామగిరి గుట్టల మీద నిలబెట్టిన గాలిమరలే చెబుతాయి. వరండాలో ఆ గాలికి పలుచని రెక్కలు అదిరితే రంగుల హద్దులన్నీ చెదిరిపోతాయి.

రెక్కలను పట్టి ఉంచడానికి వడ్రంగి పైనా కిందా రెండు టేకు పట్టీలకు 24 మి.మీ. చొప్పున గాళ్లు తీసి ఇచ్చాడు. గాడి వెడల్పు రెక్క మందానికి బిగుతుగా ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. రెండు గీతల మధ్య చిన్న ఎడం కనిపెట్టడంలో మన కన్ను అసాధారణమైన పనితనం చూపుతుంది. రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా లేదా అన్నది అది ఒక నిమిషం కోణంలో చిన్న వంతును కూడా పట్టుకోగలదు. రెక్క కొస ఒక మిల్లీమీటరు పక్కకు ఒరిగితే రెండు మీటర్ల దూరానికి అది ఒకటిన్నర నిమిషాల కోణం కన్నా ఎక్కువ. అంటే అది ఎవరికైనా కనబడుతుంది, అదీ ఒరిగిన రెక్కగా కాదు, గోడ మీద ఒక మరకగా. రంగుల మార్పు మెత్తగా సాగాల్సిన చోట ఒక్క నిలువు గీత ముదురుగా నిలబడిపోతుంది. ప్రతి రెక్కనూ గాడిలో దించిన తర్వాత 21 మి.మీ. కొలతకు కోసిన చెక్కముక్కను సందులో పైనుంచి కిందికి జార్చి చూసి, ఎక్కడా పట్టకుండా, వదులు కాకుండా జారితేనే పక్కదానికి వెళ్లాం.

స్టిక్కరు మాట్ రకమే వాడాం. మెరిసే రకంలో ఎదుటి రెక్క ప్రతిబింబం అద్దంలో లాగా పడి, ఆకాశపు తెల్లని మెరుపు రంగును కప్పేస్తుంది. మాట్ రకంలో రంగు వెలుగు నలుదిక్కులా చెదిరి పక్కదాని మీద మెత్తగా పడుతుంది. ప్రతి సందులోనూ ఒక వైపు ఎరుపు, ఎదురుగా నీలం, అడుగున పసుపు ఉన్నాయి. పసుపు పట్టీకి ఎరుపు రెక్క వైపు అంచు నారింజగానూ, నీలం రెక్క వైపు అంచు లేత ఆకుపచ్చగానూ కనబడుతోంది. అక్కడ నారింజ గానీ ఆకుపచ్చ గానీ ఎవరూ అంటించలేదు. కన్ను చేసే మాయ కాదు ఇది, వెలుగు నిజంగానే రంగు పూసుకుని పక్క గోడకు వెళ్తోంది. ఫొటో తీసినా వస్తుంది. కన్ను పుట్టించేదీ వెలుగు పుట్టించేదీ పక్కపక్కనే ఉన్న ఈ 21 మి.మీ. సందు ఫలకం మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన చోటు. పిల్లలు రెండింటికీ తేడా చెప్పగలిగేలా చేయడం ఈ ప్రాజెక్టులో నేను పెట్టుకున్న గట్టి లక్ష్యాల్లో ఒకటి.

ఆగస్టు మూడో వారం

ఫలకాన్ని గోడకు బిగించాం. ఉదయం తూర్పు కొస నుంచి వచ్చేవారికి అది ఇటుక ఎరుపు గోడ. దగ్గరయ్యేకొద్దీ తమకు దగ్గరి కొసన పసుపు మొదలై, తమతో పాటు సాగి, దాటిన చోటల్లా నీలం పరుచుకుంటుంది. ఆరో తరగతి పిల్లవాడు ఒకడు ముందుకూ వెనక్కూ నడిచి, "సార్, ఆడ నిలబడితే ఎర్రగా ఉండాది, ఈడికొస్తే నీలం ఐపోయింది" అన్నాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అదే గోడ నీలంగా ఎదురవుతుంది.

వెలుగు గురించి ఒక పరిశీలన రాసి ఉంచాలి. అనంతపురం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరం గోడకు నీడ ఖాయమని అనుకోవడానికి లేదు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ వరండాలోకి వస్తుంది. ఉదయపు ఎండ తూర్పు ముఖాల మీద పడి ఎరుపును, సాయంత్రపు ఎండ పడమటి ముఖాల మీద పడి నీలాన్ని వెలిగిస్తుంది. నడిచే దిశకూ వెలుగు దిశకూ ఈ పొత్తు కుదరడం కోసమే తూర్పుకు ఎరుపు, పడమటికి నీలం పెట్టాం. దీనికి మూల్యం కూడా ఉంది. స్టిక్కరు రంగుల్లో ఎరుపే ముందు వెలిసిపోతుందని రేడియం అంగడివారందరూ చెబుతారు, ఊళ్లో పాత బోర్డులు చూసినా తెలుస్తుంది. అందుకే ఎరుపు చుట్ట కొంత మిగిల్చి చీకటి అల్మరాలో పెట్టాం. ప్రతి ఏడూ వేసవి తర్వాత గోడ మీది ఎరుపును దానితో పోల్చి చూడవచ్చు.

మబ్బు పట్టిన సాయంత్రం, దీపాలు వేయకముందు, పడమటి కొస నుంచి నీలం ఇంకా స్పష్టంగా కనబడుతుండగా, తూర్పు కొస నుంచి చూస్తే ఎరుపు దాదాపు నల్లబడి ఉంది. వెలుగు తగ్గినప్పుడు కన్ను పగటి కణాల నుంచి రాత్రి కణాలకు మారుతుంది. రాత్రి కణాలకు ఎరుపు దాదాపు అందదు, నీలం ఆకుపచ్చల వైపు అవి చురుకుగా ఉంటాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతో పిలిచే ఈ మార్పును చూపించడానికి ఇంతకన్నా మంచి పరికరం మా పాఠశాలలో లేదు. శీతకాలంలో ప్రత్యేక తరగతులు ముగిసి పిల్లలు ఆలస్యంగా ఇళ్లకు వెళ్లే రోజుల్లో దీన్ని వరుసగా గమనించి రాయమని పదో తరగతి వారికి అప్పగించాను.

సెప్టెంబరు

ఫలకానికి ఎదురుగా, వరండా పిట్టగోడ పక్కన ఒక బల్ల ఉంది. ఆయమ్మ తన పనుల మధ్య అక్కడ కూర్చుంటుంది. పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చే అవ్వాతాతలు కూడా అక్కడే కూర్చుంటారు. కూర్చున్నవారికి ఈ గోడ మారదు. నడవలేని పిల్లవాడు మా పాఠశాలలో ఇప్పుడు లేకపోయినా రేపు చేరవచ్చు. నడకను నమ్ముకున్న కళకు ఈ ప్రశ్న తప్పదని నా అభిప్రాయం. 1955లో పారిస్‌లో డెనీస్ రెనే చిత్రశాలలో చలనం గురించి జరిగిన ప్రసిద్ధ ప్రదర్శనలోనే రెండు దారులూ పక్కపక్కన ఉన్నాయి. జాఁ టాంగ్లీ తన పనులకు మోటార్లు పెట్టారు, హెసూస్ సోటో, యాకోవ్ అగామ్ చూసేవారి కదలికను నమ్ముకున్నారు. మాకు రెండూ కావాలి.

అందుకే పెద్ద ఫలకం పక్కన ఒక చిన్నదాన్ని కడుతున్నాం. వెనుక పలక మీద 24 మి.మీ. చొప్పున ఎరుపు, పసుపు చారలు స్థిరంగా ఉంటాయి. దాని ముందు పారదర్శకమైన యాక్రిలిక్ షీటు మీద 22.8 మి.మీ. చొప్పున నీలం చారలు ఉంటాయి. రెండు కొలతల మధ్య ఈ చిన్న తేడా వల్ల కొన్ని చోట్ల నీలం ఎరుపును కప్పుతుంది, కొన్ని చోట్ల పసుపును కప్పుతుంది. ఫలితంగా 456 మి.మీ. వెడల్పున్న పెద్ద రంగు అలలు తేలతాయి. ముందు షీటును 22.8 మి.మీ. జరిపితే అల 456 మి.మీ. జరుగుతుంది, అంటే ఇరవై రెట్లు. వేలు వెడల్పు కదలికతో మూర వెడల్పు అల ప్రయాణం చేస్తుంది.

మోటారుకు ఎయిర్ కూలరు స్వింగ్ మోటారు సరిపోయింది. మా ఊళ్లో అది దొరకని ఎలక్ట్రికల్ అంగడి లేదు. నిమిషానికి 5 చుట్లు తిరిగే రకం అది. చిన్న పుల్లీ నుంచి నాలుగు రెట్ల పెద్ద పుల్లీకి బెల్టు వేస్తే ఒక చుట్టుకు 48 సెకన్లు పడుతుంది. పెద్ద పుల్లీ మీద మధ్య నుంచి 11.4 మి.మీ. దూరంలో మేకు పెట్టి షీటుకు కడ్డీ తగిలిస్తే కావలసిన జరుగుడు వస్తుంది. ఈ రకం మోటారు కరెంటు వచ్చిన ప్రతిసారీ ఏ వైపు తిరగడం మొదలుపెడుతుందో చెప్పలేం; కూలరు రెక్కలకు అది అక్కరలేదు, మాకు కూడా అక్కరలేదు, ఎందుకంటే మేకు ఎటు తిరిగినా షీటు ముందుకూ వెనక్కూనే పోతుంది. అల కొసకు చేరినప్పుడు తనంతట తాను నెమ్మదించి, ఆగి, వెనుదిరుగుతుంది. ఒకే దిశలో ఆగకుండా సాగే అల కన్నా ఇది కంటికి తేలికగా ఉందని బల్ల మీద కూర్చుని చూసినవారు అన్నారు, నాకూ అలాగే ఉంది.

ఇంకా మిగిలిన పనులు కొన్ని ఉన్నాయి. యాక్రిలిక్ షీటు తన బరువుకు మధ్యలో ముందుకు ఉబ్బుతోంది. వెనుక పలకకూ దానికీ మధ్య దూరం అంతటా 5 మి.మీ. ఉండకపోతే పక్క నుంచి చూసినప్పుడు అలలు వంకర పోతున్నాయి. పై అంచుకు అల్యూమినియం ఛానల్ బిగించి, కింద కిటికీల జారుడు చక్రాలు పెట్టి చూడాలి. మోటారుకు వేరే స్విచ్ పెట్టి, మధ్యాహ్న భోజన విరామంలోనూ సాయంత్రం బడి వదిలే వేళలోనూ మాత్రమే నడపాలని ప్రధానోపాధ్యాయురాలితో అనుకున్నాం. పెద్ద ఫలకంలో రెక్కల మీద దుమ్ము ఎలా తుడవాలన్నది కూడా తేలాలి, 21 మి.మీ. సందులోకి మెత్తని గుడ్డ చుట్టిన స్కేలు పోతుంది కానీ వంద సందులు తుడవడానికి ఒక పద్ధతి, వంతులు కావాలి. తొమ్మిదో తరగతి వారు ఆ పట్టిక తయారు చేస్తున్నారు.